జొన్నచేలో పదకొండు సీడీలు

మొన్న నారాయణఖేడ్ బస్టాండు బయట ఆటో ఎక్కితే, డ్రైవరు ముందున్న అద్దానికి ఒక పాత సీడీ వేలాడుతూ కనిపించింది. ఎండ తగిలినప్పుడల్లా అది తళుక్కుమని కళ్లలో కొడుతుంటే, ముందు దాన్ని తీసెయ్యమని కసిరేశాను. దిష్టికి కట్టానని అతను నసిగాడు. రిటైరైన టీచరమ్మ కదా, అరుపు ఆమె అలవాటు అనుకుని ఉంటాడు. కానీ ఆ అరుపు అతని మీద కాదు, పాతికేళ్లుగా మా అన్న మీద దాచుకున్నది.

సీడీలంటే ఎంత అపురూపమో నా ఈడువాళ్లకు నేను చెప్పనక్కరలేదు. తొంభైల చివర్లో, ఖేడ్ బడిలో పనిచేస్తున్నప్పుడు, సెలవు దొరికితే చాలు బస్సెక్కి బీదర్ పోయేదాన్ని. అక్కడ ఒక ఇరుకు దుకాణంలో గంటసేపు నిలబడి, డబ్బాల మీది బొమ్మలన్నీ తిరగేసి, చివరికి ఒక్కటంటే ఒక్కటి కొనుక్కుని, కిటికీ పక్కన కూర్చుని లోపలి కాగితాన్ని ఊరొచ్చేదాకా చదువుకునేదాన్ని. అలా నాలుగేళ్లలో పదకొండు కూడాయి. ఒక్కోదాని అంచున స్కెచ్ పెన్నుతో నంబరు వేసుకున్నాను. పాత చీర పేలికతో మధ్య నుంచి అంచుకు మాత్రమే తుడిచేదాన్ని, గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయని. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు సితార్, మనసు బాగాలేనప్పుడు సగం ఉర్దూ అర్థం కాని గజళ్లు, వాన పట్టిన ఆదివారాలకు పాత సినిమా పాటలు. పెళ్లి చేసుకోని ఆడదానికి ఇంకేం కావాలని ఇంట్లోవాళ్లు వేళాకోళం చేసినా నాకు పట్టేది కాదు.

అందులో ఏడో నంబరు కన్నడ జానపదం. ఎవరో పల్లెటూరి ఆమె, వెనక పెద్ద వాయిద్యాలేమీ లేకుండా పాడిన విసుర్రాయి పాటలు. అది అమ్మ కోసం కొన్నాను. అమ్మ పుట్టిల్లు సరిహద్దుకు అవతల, నాగల్‌గిద్ద దాటి. పక్షవాతం వచ్చాక ఆమె నోట తెలుగు పూర్తిగా పోయి, చిన్నప్పటి కన్నడ ముక్కలు మాత్రం మిగిలాయి. నేను సెలవు పెట్టి, ప్లేయరు, సీడీలు అన్నీ మూటగట్టుకుని ఊళ్లో ఆమె మంచం పక్కన చేరాను. కళ్లు తెరవగానే 'హాడు హచ్చు' అనేది, పాట పెట్టమని. పాట మొదలైతే చాలు, బాగున్న ఆ ఒక్క చెయ్యి దుప్పటి మీద మెల్లగా గుండ్రంగా తిరిగేది, జొన్నలు విసురుతున్నట్టే. ఆ చెయ్యి తిరిగినంతసేపు అమ్మ నాకు దక్కినట్టే ఉండేది.

ఆమె పోయాక ఆ పాట వినే ధైర్యం లేక, అన్నింటినీ అమ్మ ట్రంకుపెట్టెలో పెట్టి, ఎవరూ ముట్టవద్దని అన్నకు, వదినకు చెప్పి ఖేడ్ వచ్చేశాను. సంవత్సరీకం దాటింది. మరుసటి ఎల్లమాసకు రమ్మని కబురొచ్చింది. మా వైపు ఆ అమావాస్యనాడు ఊరంతా చేలల్లోనే కూర్చుని భోజనం చేస్తుంది. వెళ్లేముందే నిర్ణయించుకున్నాను, ఈసారి ఏడో నంబరు వెంట తెచ్చుకుని నా గదిలో ఒక్కదాన్నే వింటానని.

చేను దగ్గరికి వస్తుంటే దూరం నుంచి ఏవో మిలమిల మెరుస్తున్నాయి. నిజం చెప్పాలంటే, ఎంత బాగున్నాయో అనుకున్నాను. మా వైపు కంకి పాలు పోసుకునే వేళ, చెడిపోయిన క్యాసెట్ల టేపు తీసి చేను చుట్టూ లాగి కడతారు. గాలికి అది జుయ్యిమంటుంటే పిట్టలు వాలవు. ఆ ఏడాది టేపుకు చిలుకలు బెదరలేదట. ఇంకా దగ్గరికి పోయి చూస్తే, కట్టెకు వేలాడుతూ తిరుగుతున్న బిళ్ల అంచున నా చేతిరాత, నాలుగు. ఆ పక్కన తొమ్మిది.

నాకు ఒళ్లు మండిపోయింది. అందరి ముందే ఎవరు కట్టారని అరిచాను. అన్న అంబలి గిన్నె కింద పెట్టకుండానే, "నేనే కట్టిన. ఏంది చెల్లె గంత లొల్లి? జొన్న కోసినంక మల్ల పెట్టెల పెడ్తుంటి. బిళ్ల ఏడికి పోతది?" అన్నాడు. అవి పాటలు కదా అంటే, "పాట మిషిన్ల ఉంటది గదా. గిది ఉత్త రేకు. నడుమ పొక్క గుడ తాడు కట్టనీకే ఉన్నట్టుండె" అన్నాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు నవ్వారు. నేను చేను తొక్కుకుంటూ పోయి ఒక్కొక్కటీ తెంపాను. పిట్టలు వాలతాయని వదిన మొత్తుకుంటోంది. వాలనీ అన్నాను.

అన్న భజనల్లో వాయించే తాళాలు ఇత్తడివి. అవీ ఎండకు మెరుస్తాయి. వాటిని చేలో ఎందుకు కట్టలేదని ఆరోజే అడిగాను. వాటికి గుడ్డ చుట్టి గూట్లో పెట్టుకునేవాడు. ఆ ఇంట్లో ఆడపిల్ల వస్తువంటే అందరిదీ, అడగనక్కరలేదు.

పదకొండింటిలో మూడు కాస్త పలికాయి. ఏడో నంబరు మంచుకు, ఎండకు వెండిపూత పొరలు లేచిపోయి, ప్లేయరులో గిర్రున తిరిగి ఆగిపోయేది. బీదర్ పోతే దుకాణం మూతపడి ఉంది. ఆ గాయని పేరు మరెక్కడా వినలేదు. ఇప్పుడు ఫోనులో దొరకని పాట లేదని నా దగ్గర చదువుకున్న పిల్లలు అంటారు. ఆ పాట కోసం రాత్రింబగళ్లు వెతికాను, లేదు. సితారూ గజళ్లూ మాత్రం అడక్కముందే వచ్చి చెవిలో పడుతున్నాయి, బస్సెక్కి పోయి తెచ్చుకున్నప్పటి సంబరం వాటిలో లేదు.

అన్నకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మోకాళ్లు పట్టేసి మంచం దిగడు. పోయిన నెల చూడబోతే, "అమ్మ ఇంటుండె జూడు, ఇసుర్రాయి పాట. ఎట్లుంటదే అది? నాకు శానా యాదికొస్తుంది. ఒక్కపారి పాడరాదు, చెల్లె" అన్నాడు. జీవితంలో మొదటిసారి నన్ను ఒకటి అడిగాడు.

నాకు గుర్తులేదన్నాను. ఆయన తల ఊపి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మొదటి మాట నుంచి చివరిదాకా ఒక్క అక్షరం పోకుండా ఆ పాట నాకు వచ్చు.