డియర్ ఫ్రెండ్ అని రాసిన వాళ్ళందరికీ

ఆ రోజుల్లో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసిన మనిషికి ఉండే ధైర్యం ఇప్పుడు ఎంత సర్వీసు ఉన్నవాళ్ళకీ ఉండదేమో. నాకు మాత్రం దండిగా ఉండేది. శ్రీకాకుళంలో డిగ్రీ అయిపోయి, బస్టాండు వెనక మేడ మీది సెంటర్లో కోర్సు పూర్తిచేసి, లామినేషన్ చేయించిన సర్టిఫికెట్టు బ్యాగులో పెట్టుకుని పాతపట్నంలో దిగేసరికి, ఈ లోకంలో నాకు తెలియని మీట ఇంకేదీ లేదనుకునేదాన్ని. ఇంట్లో మిక్సీ తిరగకపోయినా "దాన్ని పిలండి, కంప్యూటర్ సదివింది" అనేవారు. నేనూ ఠీవిగా వెళ్ళి ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టేదాన్ని. (సగం సార్లు తిరిగేది. మిగతా సగం గురించి నన్నెవరూ నిలదీయలేదు.)

మా పెదనాన్నకి మెయిన్‌రోడ్డులో కొండచీపుర్ల హోల్‌సేల్ కొట్టు ఉండేది. చలికాలం చివర కొండమీది ఊళ్ళ నుంచి చీపురుగడ్డి దిగేది. దాన్ని ఎండబెట్టి, కట్టలు కట్టి, గోడౌను నిండా పేర్చేవారు. అదంతా వానలు పడకముందే లారీ ఎక్కాలి. ఒక్క జల్లు లోపలికి కొట్టిందంటే కట్టలు నల్లబడి బూజు పడతాయి, ఇక ఎవరూ ముట్టుకోరు. ముప్ఫై ఏళ్ళుగా ఆ సరుకంతా కొనేది ఒక్క మనిషే, బరంపురం సేటు. వేసవిలో ఆయన మొదట ఉత్తరం రాయాలి, మా పెదనాన్న ఆ రోజే జవాబు రాయాలి, మూడోరోజు లారీ రావాలి. అది వాళ్ళిద్దరి మధ్య పద్ధతి. సేటు ఉత్తరం రాకుండా పెదనాన్న ఆ గోడౌను తాళం ఇంకొకరికి తీసేవాడు కాదు.

ఉత్తరాల విషయంలో పెదనాన్నది ఒకటే చాదస్తం. వచ్చిన ఉత్తరానికి పొద్దు వాలకముందే జవాబు వెళ్ళిపోవాలి. ఆయన చెప్తూ ఉంటే కార్డు మీద రాసేది ముసలి గుమాస్తా. పిల్లలందరం ఆయన్ని కార్డుల తాతయ్య అనేవాళ్ళం. ఆ ఏడాది నేను పోరగా పోరగా కొట్లో కంప్యూటర్ పెట్టించాడు పెదనాన్న. నేనే మెయిలు అడ్రసు తెరిచాను. వ్యాపారస్తులందరికీ "ఇకమీదట ఇందులో రాయగలరు" అని కార్డుల తాతయ్య చేతే కార్డులు రాయించాం. పాపం, తన ఉద్యోగానికి తనే ఎసరు పెట్టుకుంటున్నట్టు ఒక్కో కార్డు మీదా నిట్టూర్చాడాయన.

మొదటి వారంలోనే మూడు మెయిళ్ళు వచ్చాయి. మూడూ చెత్తే. నేను తీసిపారెయ్యబోతుంటే పెదనాన్న కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఏటమ్మా అది? ఎవులు రాసినారు?"

"ఎవులూ కారు పెదనాన్నా. మనకి లాటరీ తగిలినాదని ఊరికే వచ్చినాది. జవాబు అక్కర్లేదు."

"ఊరికే ఎవులు రాస్తారే? ఆ మనిసి కూకుని, మన పేరు తలుసుకుని రాసినాడు. సూసీసి సూణ్ణట్టు ఊరుకుంటే బాగుంటాదేటి? రాయి."

రాశాను. పెదనాన్న తెలుగులో చెప్పాడు, నేను నా ఇంగ్లీషులో కొట్టాను. "అయ్యా, తమరు పంపిన శుభవార్త అందినది. మేము ఎన్నడూ లాటరీ టిక్కెట్టు కొనలేదు. ఎక్కడో పొరపాటు జరిగినట్టున్నది. అసలు గెలిచినవారు ఎదురుచూస్తూ ఉంటారు. దయచేసి వెంటనే వారికి తెలియజేయగలరు." రెండోది బరువు తగ్గే మందు. "మా ఇంట్లో అందరూ సన్నగానే ఉన్నారు, మీ అభిమానానికి కృతజ్ఞులం" అని దానికి. మూడోది ఏదో దూరదేశంలో ఒక మంత్రిగారి భార్య రాసింది. భర్త పోయాడట, ఆయన దాచిన పెట్టెలు దేశం దాటించడానికి మన సాయం కావాలట. ఇది దొంగ ఉత్తరమని నేను ఎంత మొత్తుకున్నా పెదనాన్న వినలేదు. "పెట్టెల సంగతి తరవాత. ముందు ఆయమ్మ మొగుడు పోయినాడు కదా, పరామర్స సెయ్యాల" అన్నాడు. ఆ పరామర్శ చెప్తుంటే కార్డుల తాతయ్య కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు.

ఇక చూసుకోండి. మూడు కాస్తా పది రోజుల్లో ముప్ఫై అయ్యాయి. ఆ మంత్రిగారి భార్య వెంటనే తిరిగి రాసింది (రాయదా మరి, ఆవిడ వృత్తిలో పరామర్శ చేసినవాడు దొరకడం అదే మొదటిసారి అయ్యుంటుంది). ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరు వితంతువులు, ఒక పోయిన రాజుగారి దివాను, వాచీలమ్మేవాళ్ళు, జుట్టు మొలిపించేవాళ్ళు దిగారు. అందరూ "డియర్ ఫ్రెండ్" అనే మొదలుపెట్టేవారు. పెదనాన్న మొహం వెలిగిపోయేది. "సూసినావా, జవాబు రాస్తే మనుసులు ఎలా పెరుగుతారో!" అని దారినపోయేవాళ్ళని పిలిచి చెప్పేవాడు. నాకు మాత్రం వేళ్ళు వాచిపోయాయి.

అప్పుడు నా సర్టిఫికెట్టు పరువు కాపాడుకోవాలనిపించింది. పెదనాన్న భోజనానికి వెళ్ళిన వేళ చూసి, ఒక్కో మెయిలూ ఎంచి స్పాం అని రిపోర్టు కొట్టాను. ఒక్కోటీ మాయమవుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మర్నాడు పొద్దున్న తెరిస్తే అదే వితంతువు, అదే దివాను, ఇన్‌బాక్సులో దర్జాగా కూర్చుని ఉన్నారు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ వచ్చారు. బ్రౌజరు మార్చాను, హిస్టరీ తుడిచాను, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను, తడిగుడ్డతో కీబోర్డు కూడా తుడిచాను. (అదెందుకు పనికొస్తుందనుకున్నానో ఇప్పటికీ తెలియదు.) చివరికి సిగ్గు విడిచి మా కోర్సు సారుకి ఫోన్ చేశాను.

"ఆటికి గానీ జవాబులు రాస్తన్నారేటమ్మా?" అనడిగారాయన అన్నిటికన్నా ముందు.

"ఛ, అలాటి పని ఎవులు సేస్తారు సార్!" అన్నాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి పెదనాన్న గట్టిగా, "ఆ రెండో ఆయమ్మకి పిల్లలెంతమందో అడగమ్మా!" అన్నాడు.

సారుకి సంగతంతా అర్థమైపోయింది. తరవాత నెమ్మదిగా చెప్పారు. జవాబు రాసిన ప్రతివాళ్ళ అడ్రసూ దానంతటదే కాంటాక్ట్స్‌లో చేరిపోతుందట. అందులో ఉన్నవాళ్ళు మనవాళ్ళేననుకుని మెయిలు వాళ్ళని లోపలికి రానిస్తుందట. "నువ్వు ఒక సేత్తో బయటికి తోస్తన్నావు, ఇంకో సేత్తో కుర్సీ ఏస్తన్నావు. ముందు జవాబులు మానీ. కాంటాక్ట్స్‌లోంచి తీసీ. అప్పుడు రిపోర్టు కొట్టు. కొట్టే ముందు ఒక్కొక్కటీ సదువుకో" అన్నారు.

ఆఖరి మాట నాకోసం కాదనుకున్నాను. అది కోర్సు పాసు కానివాళ్ళకి చెప్పే మాట. ఆ మధ్యాహ్నమే కాంటాక్ట్స్ మొత్తం ఖాళీ చేసి, ఇన్‌బాక్సులో ఉన్న నలభై ఏడు డియర్ ఫ్రెండ్లనీ ఒకేసారి ఎంచి, ఒకే ఒక్క దెబ్బతో స్పాంలోకి తోసేశాను. ఒక్కటి కూడా తెరవలేదు. ఆ నలభై ఏడులో ఒకటి బరంపురం సేటు ఉత్తరం. ముప్ఫై ఏళ్ళుగా ఆయన పెదనాన్నకి రాసే ప్రతి కార్డూ ఇంగ్లీషులో "డియర్ ఫ్రెండ్" అనే మొదలయ్యేదని కార్డుల తాతయ్యకి తెలుసు. నాకు తెలియదు, నేను అడగనూ లేదు.

మర్నాడు ఇన్‌బాక్సు కడిగిన పళ్ళెంలా ఉంది. నేను గెలిచాననుకున్నాను. పెదనాన్న మాత్రం తెరవంక చూసి, "నిన్నటిదాకా అంతమంది రాసినారు. ఈ రోజు ఒక్కలూ రాయలేదేటమ్మా?" అన్నాడు. సెలవులేమో అన్నాను. ఆ తరవాతి రోజూ అడిగాడు, ఆ పై రోజూ అడిగాడు. నాలుగోనాటి నుంచి వేరే ప్రశ్న మొదలైంది. "సేటు రాసినాడేటి?"

రాలేదని చెప్పేదాన్ని. నిజంగా రాలేదనే అనుకునేదాన్ని. వారం దాటింది. కొండల మీద మబ్బు పట్టడం మొదలైంది. ఒక సాయంత్రం గాలిదుమ్ము లేచి నాలుగు చినుకులు పడితే, పెదనాన్న లుంగీ ఎగ్గట్టి గోడౌను కప్పు చుట్టూ తిరిగి చూసొచ్చాడు. టెక్కలి నుంచి ఒక వ్యాపారి వచ్చి సరుకంతా ఇప్పుడే ఎత్తుకుంటానన్నాడు. "సేటు ఉత్తరం వస్తాది" అని పంపేశాడు పెదనాన్న. ఓ కార్డు రాసి పడేద్దామన్నాడు కార్డుల తాతయ్య. "ముందు ఆయన రాయాల. మనం రాస్తే తొందరపెట్టినట్టుంటాది" అన్నాడు. ఆ రాత్రి అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడని పెద్దమ్మ చెప్పింది. నాకు భయం వేసింది గానీ, ఎందుకు వేసిందో ఇంకా తెలియలేదు.

పదో రోజు పొద్దున్న పెదనాన్న కొట్టు అరుగు మీద టీ తాగుతున్నాడు. స్టేషను వైపు నుంచి రిక్షా వచ్చి ఆగింది. తెల్లబట్టల్లో ఒక పెద్దాయన దిగాడు. ఒక చేతిలో పళ్ళ బుట్ట, ఇంకో చేతిలో నలిగిన రుమాలు. అరుగు వైపు చూసి నడిరోడ్డు మీద నిలబడిపోయాడు.

"భాయినా! నువ్వు ఉన్నావా!" (ఒడియాలో భాయినా అంటే అన్నయ్య.)

"ఉండక ఎక్కడికి పోతాను సేటూ?" అన్నాడు పెదనాన్న, టీ గ్లాసుతోనే లేచి.

సేటు వచ్చి ఆయన్ని వాటేసుకుని భోరుమన్నాడు. టీ ఇద్దరి మీదా ఒలికింది. "మూడు ఉత్తరాలు రాసినాను భాయినా. జవాబు లేదు. ముప్పై ఏళ్ళలో ఒక్కపాలి ఇలాగవలేదు. ఇంక నువ్వు లేవనుకున్నాను."

"ఫోను సెయ్యొచ్చు కదండీ బాబూ" అన్నాడు కార్డుల తాతయ్య.

"ఫోను సేసి ఏటని అడుగుతాను? మా భాయినా పోయినాడా అనా? నోరు రాక రైలెక్కీసినాను."

నాకు అప్పుడు వెలిగింది. లోపలికి పరుగెత్తి స్పాం తెరిచాను. చెత్త మధ్యలో మూడూ ఉన్నాయి, మొదటిదాన్ని నేను తోసినందుకు మిగతా రెండూ వాటంతటవే అక్కడ పడ్డాయి. కొడుకు తెరిచిపెట్టిన కొత్త అడ్రసు నుంచి రాశాడు సేటు. మొదటిది సరుకు గురించి. రెండోది, "ఒంట్లో బాగుందా, నా మీద కోపమా" అని. మూడోది మా ఇంటిల్లిపాదినీ ఉద్దేశించి రాసిన పరామర్శ. చదవమన్నాడు పెదనాన్న. ఏడుస్తూనే చదివి, తెలుగులో చెప్పాను. "మీ పెద్దాయనవంటి మనిషి మళ్ళీ పుట్టడు. జవాబు కోసం నన్ను ఒక్కరోజు కూడా ఎదురుచూడనివ్వలేదు." పెదనాన్న తనమీద వచ్చిన పరామర్శని తలవంచుకుని, కళ్ళు మూసుకుని, ఆఖరిదాకా విన్నాడు.

"బాగా రాసినావు సేటూ" అన్నాడు చివరికి.

నేను చేసిందంతా చెప్పేశాను. చేతులు జోడించాను. తిడతాడని, కంప్యూటర్ అమ్మేస్తాడని, కార్డుల తాతయ్య నవ్వుతాడని అనుకున్నాను. కార్డుల తాతయ్య నవ్వలేదు, గబగబా తన కుర్చీ తెచ్చి సేటుకి వేశాడు. పెదనాన్న నావైపు తిరిగి, "ఏడుపు తరవాత ఏడుద్దువు గానీ, ముందు ఈ మూడింటికీ జవాబులు రాయమ్మా. ఇప్పటికే ఆలీసం అయిపోనాది" అన్నాడు.

సేటు పక్కనే కూర్చుని టీ తాగుతుండగా, ఆయనకే మూడు జవాబులు రాశాం. "మీ పరామర్శ అందినది. మేము క్షేమం. మీరు వచ్చినందుకు సంతోషం" అన్నది మూడోది. లారీ మూడోరోజున వచ్చింది. సరుకు టెక్కలి దాటాకే వాన పడింది. ఆ తరవాత కొట్లో ఒక్కటే నియమం: ఉత్తరం ఆఖరిదాకా చదవకుండా మీట నొక్కకూడదు. వితంతువులకి జవాబులు ఆగిపోయాయి. కొన్నాళ్ళు పెదనాన్న వాళ్ళ యోగక్షేమాలు అడుగుతూనే ఉండేవాడు.

ఇప్పుడు విశాఖపట్నంలో పెద్ద ఆఫీసులో పనిచేస్తున్నాను. స్పాం దానంతటదే పోతుంది, నా చెయ్యి తగలక్కర్లేదు. చదవని మెయిళ్ళు వేలల్లో ఉన్నాయి, జవాబు రాయనందుకు ఎవరూ ఏమీ అనుకోరు. ఆ పిల్ల ధీమా తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. ఒక్కోసారి మాత్రం తీరిగ్గా కూర్చుని లెక్కపెడుతుంటాను, నేను వారం రోజులు జవాబు రాయకపోతే పోయాననుకుని రైలెక్కేవాళ్ళు నాకు ఎంతమంది ఉన్నారా అని. ఇద్దరు తేలారు. ఆ ఇద్దరికీ పొద్దు వాలకముందే రాసేస్తాను.