మా కుక్కకు ఎవరూ మందు పెట్టలేదు

మిరప కోతలు మొదలైన దగ్గర్నుంచి కళ్లం ఖాళీ అయ్యేదాకా నేను గొంతు చించుకునేది ఒకే మాట మీద. "కుక్కకి ఏమీ పెట్టబాకండి." మధ్యాహ్నం కోతకొచ్చిన ఆడవాళ్లు గట్టున కూర్చుని గిన్నెలు విప్పగానే మా గ్రేట్ డేన్ జాతి కుక్క వెళ్లి వాళ్లెదురుగా కూర్చుంటుంది. దూడంత ఉంటుంది అది. అంత పెద్ద జంతువు నోరెత్తకుండా చూస్తుంటే పెట్టకుండా తినడం మావాళ్లకు చేతకాదు. ఒకరు ముద్ద విసురుతారు, ఇంకొకరు పప్పు కలిపి మరీ విసురుతారు.

"ఒక్క ముద్దకే చచ్చిపోద్దా అన్నా" అంటుంది ముఠా మేస్త్రి. కోతగాళ్లను కూడగట్టి తెచ్చేది ఆమే.

"మీరెంతమందున్నారో చూసుకున్నావా? తలా ఒక్క ముద్దంటే ఎంతవుద్ది?"

"మా ముద్దలో ఏమన్నా మందుందా ఏంది? మేమూ అదేగా తినేది."

అందరూ నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ మందు మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇంతకుముందున్న కుక్కకు పక్క చేను రైతు మందు పెట్టి చంపాడని ఊరంతా నమ్ముతుంది. అందుకే మందు లేని తిండి ఎంత పెట్టినా ఏమీ కాదని వాళ్ల ధీమా. ఆ నమ్మకం అలా నిలబడటానికి కారణం నేను. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నోటితో చెబితే ఎవరూ వినడం లేదు మరి.

ఆ మొదటి కుక్కను కళ్లం కాపలాకి తెచ్చాను. ఎండబోసిన కాయ మాయమవుతున్న రోజులవి. కాపలా కుక్కకు పగలు కడుపు మాడిస్తేనే చురుగ్గా ఉంటుందని మా దగ్గర ఒక లెక్క. సాయంత్రం ఒక్కసారే బేసిన్ నిండా అన్నం, మాంసం తునకలు పెట్టేవాణ్ని. మెడ వంచే శ్రమ కూడా లేకుండా బేసిన్‌ని ఇటుకల మీద ఎత్తులో పెట్టాను. అది నాలుగు గుటకల్లో బేసిన్ నాకేస్తుంటే చూడటానికి జనం వచ్చేవాళ్లు, నేను మీసం దువ్వుకునేవాణ్ని. తినగానే గొలుసు విప్పేవాణ్ని. అది కళ్లం చుట్టూ దౌడు తీసేది. తిన్నది అరగాలిగా అనుకునేవాళ్లం.

కోతలు ముగిసిన రోజు మేకపోతును కోసి కూలీలకు వేటకూరతో భోజనం పెట్టడం మా ఆనవాయితీ. ఆ ఏడూ పెట్టాను. మిగిలిందంతా కుక్క తిన్నది. సాయంత్రం దాని బేసిన్ దానికి మామూలే. తొట్టిలో నీళ్లు కూడా తెగ తాగింది. అప్పుడే పక్క చేను రైతు మేకలు కళ్లంలోకి వచ్చాయి. కుక్కను నేనే ఉసిగొల్పాను. చేను అవతలి దాకా తరిమి వచ్చింది.

"నీ కుక్కని కట్టేసుకోరా, లేకపోతే దాని సంగతి నేను చూస్తా" అని అతను గట్టు మీద నుంచి అరిచాడు. కూలీలందరూ విన్నారు.

కాసేపటికి కుక్క తీరు మారింది. ఒకచోట నిలవలేదు, పడుకోలేదు. వాంతి చేసుకోవాలని ఒళ్లంతా కుదించుకుంటుంది, జిగురు చొంగ తప్ప ఏమీ రాదు. డొక్కలు ఉబ్బి, తడితే డప్పులా మోగింది.

నాకు అర్థమైపోయిందనుకున్నాను. గేదెలకు కడుపుబ్బరం వస్తే ఊళ్లో నన్నే పిలుస్తారు. వేరుశనగ నూనెలో ఇంగువ కలిపి సీసాతో పట్టి, అటూ ఇటూ నడిపిస్తే గాలి పోయి తేలికపడుతుంది. ఎన్ని గేదెలను అలా లేపానో. అదే వైద్యం కుక్కకూ చేశాను. ఒకరు దవడలు పట్టుకుంటే నేను నూనె పోశాను. గొలుసు పట్టుకుని కళ్లం చుట్టూ నడిపించాను. అది కూలబడితే లేపి మళ్లీ నడిపించాను.

మా ఆవిడ వచ్చి చూసింది. "ఏమండీ, అది కక్కుకోలేకపోతుంది. గేదె కాదుగా, టౌనుకి తీసుకుపోదాం."

"గేదెల సంగతి నాకు నువ్వు చెబుతావా?" అన్నాను.

ఆమె గేదెల సంగతి చెప్పలేదు, కుక్క సంగతి చెప్పింది. ఆ తేడా అప్పుడు నా బుర్రకెక్కలేదు.

చిగుళ్లు తెల్లబడి, లేపినా లేవనప్పుడు ట్రాలీ ఆటోలో వేసుకుని వెళ్లాం. ఆస్పత్రిలో డాక్టరు గారు పొట్ట ఫోటో తీసి చూశారు. కడుపు గాలితో ఉబ్బి మెలి తిరిగిందనీ, పైకీ కిందకీ దారి మూసుకుపోయిందనీ చెప్పారు.

"ఎప్పుడు మొదలైందండీ?"

"ఇందాకే" అన్నాను.

ఆయన కుక్క మూతికి అంటిన నూనె తుడిచి వాసన చూశారు. "మెలిపడ్డ కడుపులోకి నూనె ఎలా దిగుతుందండీ? ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. మొదట్లోనే తెస్తే ఆపరేషన్‌కి వీలుండేది" అన్నారు. గాలి తీయడానికి పొట్టలోకి సూది దించుతుండగానే ప్రాణం పోయింది.

తెల్లారి కళేబరంతో తిరిగొచ్చేసరికి కళ్లం దగ్గర జనం. "మందేగా?" అన్నారొకరు. "ఇంకేంటి, నిన్న అందరి ముందే అన్నాడుగా" అన్నారు ఇంకొకరు. నేను మొహం తుడుచుకున్నాను తప్ప కాదనలేదు. కాదంటే, చావబోతున్న కుక్కను నడిపించింది నేనేనని చెప్పాల్సి వచ్చేది.

ఆ పక్క చేను రైతు, నేను ఒక ఈడు వాళ్లం. ఊళ్లో ఏ శుభకార్యమైనా తుండు నడుముకు చుట్టి కూర గంటె పట్టుకునేది అతనే. ఏ ఆకు దగ్గర ఎంత వేయాలో అతని చేతికి తెలుసు. ఆ తర్వాత ఒక పెళ్లిలో ఎవడో కుర్రకుంక "ఆయన చేతి కూర చూసుకుని తినండి" అన్నాడు. పంక్తంతా నవ్వింది. అతను గంటె కింద పెట్టి వెళ్లిపోయాడు, మళ్లీ పట్టలేదు. ఆ పంక్తిలో నేనూ ఉన్నాను. తలవంచుకుని తిన్నాను.

ఇప్పుడున్న కుక్కను డాక్టరు గారు చెప్పినట్టే పెంచుతున్నాను. రోజు తిండిని మూడు పూటలకు పంచుతాను. గబగబా మింగకుండా బేసిన్ మధ్యలో నోట పట్టనంత పెద్ద నున్నటి రాయి పెడతాను, దాని చుట్టూ ఏరుకుని నిదానంగా తింటుంది. ఇటుకలు తీసేశాను, ఎత్తులో పెడితే మేలన్న నమ్మకం లేదన్నారు. తినకముందు, తిన్నాక చాలాసేపు కట్టేసి పడుకోబెడతాను. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడే కడుపు సంచిని పక్కటెముకల వైపు ఒంటి లోపలి గోడకు కలిపి కుట్టించాను. దానివల్ల మెలి పడటం అరుదట గానీ ఉబ్బరం రాదని కాదు. ఉత్తినే కక్కబోతున్నా, పొట్ట బిగిసినా ఇంటి వైద్యం పెట్టుకోకుండా బండెక్కించమన్నారు. ఇంత జాగ్రత్తనూ మధ్యాహ్నం ఒక్క గంటలో మా కూలీలు ఎగరగొట్టేస్తారు.

అందుకే ఈ ఏడు గట్టు దాటి వెళ్లి అతనికి అంతా చెప్పాను. అతను పత్తి కట్టె పీకుతున్నాడు, ఆపలేదు.

"నాకెందుకురా చెబుతున్నావు? నేను పెట్టలేదని నాకు తెలుసుగా. ఊరికి చెప్పుకో."

చెప్పాను. మర్నాడు భోజనాల దగ్గర నిలబడి నూనె సంగతి, కడుపు మెలి సంగతి దాచకుండా చెప్పాను. మేస్త్రి శ్రద్ధగా విన్నది. "నువ్వు మంచోడివి కాబట్టి ఆయన మీదకి రానీయకుండా నీ మీదేసుకుంటున్నావన్నా" అన్నది. ఆనాడు అబద్ధం నాటుకోవడానికి అరనిమిషం కూడా పట్టలేదు. నిజం ఎంత సేపు అరిచి చెప్పినా దానికి చోటు దొరకలేదు.

కోతలు ముగిసిన రోజు వేటకూర భోజనానికి అతన్ని బతిమాలి తీసుకొచ్చాను. వడ్డించమంటే తల అడ్డంగా ఊపి, ఒక చివర కూర్చున్నాడు. కుక్క ఆడవాళ్లను వదిలి అతని దగ్గరకే వెళ్లింది. అతను ముద్ద కలిపి చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు.

"ఏరా, పెట్టొచ్చా?"

ఇన్నేళ్లలో నన్ను అలా అడిగిన మొదటి మనిషి అతను. "వద్దురా" అన్నాను.

మేస్త్రి తన పక్కనున్నామెను మోచేత్తో పొడిచింది. "చూశావా, ఆయన చేతిది తిననీయట్లా." అతనికీ వినబడింది. చేతిలో ముద్ద అలాగే ఉంది.

నేను కూర బేసిన్, గంటె తెచ్చి అతని ముందు పెట్టి, నా ఆకు వేసుకుని ఎదురుగా కూర్చున్నాను. "కూర వెయ్యి."

"ఆకలేసి అడుగుతున్నావా, వీళ్లకి చూపించటానికా?"

"రెండూనూ."

ముద్ద ఆకులో వదిలి, చెయ్యి కడుక్కుని గంటె తీసుకున్నాడు. కొంచెమే వేశాడు. "ఎక్కువ తినబాక. పొట్ట ఉబ్బితే నీకు నూనె పట్టేవాళ్లెవరూ లేరిక్కడ" అన్నాడు.

కొందరు నవ్వారు. మేస్త్రి నవ్వలేదు గానీ, తన ఆకు కూడా అతని వైపు జరిపింది. నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేలోపు వెనక ఎవరో కుక్కకు అన్నం విసిరిన చప్పుడైంది. ఎంగిలి చేత్తోనే లేచి అరుస్తూ వెళ్లాను.