టెస్టింగ్ ప్లేటు కోసం మండపేట దాకా

నా దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఒక ఖాళీ కవరు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాదు ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు రాక్ ఆల్బమ్ ఒకటి కనిపిస్తే ఎగిరి గంతేసి కొన్నాను. ఇంటికొచ్చి తీస్తే లోపల పిల్లలకు ఎక్కాలు నేర్పే గ్రామఫోన్ ప్లేటుంది! అప్పటినుంచి కవరు బీరువాలో, నేను ప్లేటు వేటలో. అదీ మొదటి అచ్చే కావాలి. ప్లేట్లు అచ్చువేసే దిమ్మ కొత్తగా ఉన్నప్పుడు తీసిన తొలి ప్లేట్లలో శబ్దం పదునుగా ఉంటుందని మాలాంటి పిచ్చివాళ్ళ నమ్మకం. లేబుల్ చుట్టూ ఉండే నున్నటి భాగంలో సన్నగా అంకెలు చెక్కి ఉంటాయి. ఈ ఆల్బమ్‌కైతే చివరి అంకె ఒకటి ఉంటే మొదటి అచ్చు, రెండుంటే తర్వాతది. "పాట లేని కవరుకి బీరువాలో ఒక అరా?" అని మావారు ఏటా దీపావళికి ఇల్లు సర్దేటప్పుడు అడుగుతారు.

పోయిన నెల మా రికార్డుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫొటో పెట్టారు. నిడదవోలులో మైకుసెట్టు నడిపిన వీర్రాజు గారట, చేతిలో ఒక ప్లేటు. లేబుల్ పెద్దది చేసి చూశాను. అదే! ఫోన్ నంబరు అడిగితే పెట్టినాయనకే తెలియదు. ఆదివారం పొద్దున్నే ఖాళీ కవరు సంచిలో పెట్టుకుని విజయవాడలో రైలెక్కాను. జనరల్ టికెట్ వంద రూపాయల లోపే. తొమ్మిది కాకముందే నిడదవోలులో దిగి, స్టేషన్ బయట పెసరట్టు ఉప్మా తింటూ హోటలాయన దగ్గర వాకబు చేశాను.

"వీర్రాజు గారాండీ? ఆయన ఈ ఊళ్ళో లేరండి. మండపేటలో కూతురు దగ్గర ఉంటున్నారు. రెండేళ్ళయిందండి."

ఫొటో ఎప్పటిదో అడగాలన్న ఇంగితం నాకు లేకపోయింది. వెనక్కి పోదామా, ముందుకు పోదామా అని స్టేషన్లో ఒక బండి వదిలేసుకుని, తర్వాతది ఎక్కాను. గోదావరి దాటి రాజమండ్రికి ముప్పావుగంట. అక్కడ ఆటోలో బస్ కాంప్లెక్స్‌కి వెళ్ళి మండపేట బస్సు పట్టుకుంటే మరో గంటంబావు. దిగేసరికి ఒంటిగంట దాటింది, ఎండ మాడు పగలగొడుతోంది. మైకుసెట్టు వీర్రాజు గారంటే ఆటో అబ్బాయి "ఆయ్, తెలుసండి" అని ధీమాగా తీసుకెళ్ళి ఒక డీజే షాపు ముందు దించాడు. అక్కడివాళ్ళు ఇంకో డీజే షాపు చూపించారు. మూడో షాపులో ఒక పెద్దాయన, "రైసుమిల్లు వెనక సందులో చూడండమ్మా" అన్నాడు.

సందంతా మిల్లు నుంచి ఎగిరొచ్చిన ఊకదుమ్ము. వీర్రాజు గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు, డెబ్బై దాటిన మనిషి. సంగతి చెప్పగానే లోపలికెళ్ళి పాత పంచెముక్కలో చుట్టిన ప్లేటు తెచ్చారు.

"ఇది మా టెస్టింగ్ ప్లేటండి. రైల్వే ఆఫీసరు గారొకరు బదిలీ మీద వెళ్తూ ఇచ్చారు. ఎక్కడ మైకు కట్టినా ముందు ఇదే వేసేవాణ్ణి. మొదట్లో డ్రమ్ము దబదబా మోగుద్ది, ఆనక పాడే కుర్రాడు గొంతు చించుకుని అరుస్తాడు. ఆ రెండూ పగలకుండా వచ్చాయంటే సెట్టు బాగున్నట్టండి. నిమిషం చాలు. తీసేసి దేవుడి పాట పెట్టేసేవాణ్ణి."

"ఎన్నేళ్ళు అలాగ?"

"నలభై పైమాటేనండి. ఇప్పుడన్నీ పెన్‌డ్రైవులు కదా. తీసుకెళ్ళండమ్మా, మీకైనా పనికొస్తుంది. డబ్బులేం వద్దు."

అరుగు చివర వెలుతురులోకి తీసుకెళ్ళి అంకెలు చూశాను. సరిగ్గా చివరి అంకె మీద మూడు అడ్డగీతలు!

"చీకట్లో తడిమితే టెస్టింగ్ ప్లేటని తెలియాలి కదండీ. అందుకే మేకుతో గీసుకున్నాను," అన్నారాయన గర్వంగా.

కళ్ళజోడు పెట్టి చూస్తే ఒకటి, తీసి చూస్తే రెండు. ఫోన్ లైటు వేస్తే ఏడులా కూడా కనిపించింది. బుద్ధున్న మనిషైతే దండం పెట్టి ప్లేటు సంచిలో వేసుకుని బయటపడేది. శబ్దం పదును బట్టి తేల్చుకోవచ్చు కదా అని, నేను కోరి కొరివితో తల గోక్కున్నాను. "ఒకసారి వేసి వినొచ్చాండీ?" అని అడిగాను.

ఆయన ప్లేయరు తీసి దుమ్ము తుడిచి ప్లేటు పెట్టారు. మూకుడులో పకోడీలు వేగుతున్నట్టు ఒకటే చిటపట. ఆ నిమిషం పాట పూర్తిగా అరిగిపోయింది. సరిగ్గా నిమిషానికి ఆయన చెయ్యి ముల్లు తియ్యబోయింది. "ఉండండి, ఉండండి!" అని మణికట్టు పట్టుకుని ఆపాను. ముల్లు ముందుకు కదిలింది. చిటపట ఒక్కసారిగా ఆగిపోయింది. ఒంటరిగా ఒక గిటారు మొదలైంది, ఆ పక్కనే కూర్చుని వాయిస్తున్నంత స్పష్టంగా. నలభై ఏళ్ళలో అక్కడికి ముల్లు వెళ్ళనే లేదు.

"కాసేపు ఆ మిక్సీ ఆపమ్మా!" అని కూతుర్ని కేకేశారాయన. ఇరవై నిమిషాలూ కదలలేదు. పాటలు అయిపోయాక కూడా ప్లేటు అలా తిరుగుతూనే ఉంది.

"ఇంత ఉందాండీ దీంట్లో! ఊరూరా మోసుకు తిరిగానండి, ఒక్కనాడైనా విన్నానా!" ఆయన కళ్ళు తుడుచుకుని, మెల్లగా అన్నారు. "అమ్మా, ఏమీ అనుకోకండి. ఇవాళ ఇవ్వలేనండి."

"ఇస్తానన్నారు కదండీ!"

"అన్నానండి. అప్పటికి వినలేదు కదండీ. రెండోవైపు ఇంకా ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. అరవాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం ప్లేటును ఊకదుమ్ము పట్టిన ఆ పంచెముక్కలోనే చుట్టబోతున్నారు. చూడలేకపోయాను. సంచిలోంచి కవరు తీసి, "దీని అసలు కవరు ఇదేనండి," అని ఇచ్చేశాను. ప్లేటు అందులోకి సాఫీగా జారిపోయింది. ఎందుకిచ్చానో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఇంటికి చేరేసరికి మావారు అన్నం ముందు కూర్చుని ఉన్నారు. "ప్లేటు దొరికిందా?" "దొరికింది." "ఏదీ?" "మండపేటలో ఉంది." "మరి కవరు?" "అదీ అక్కడే." ఆయన నన్ను ఎగాదిగా చూసి, నాకూ కంచం పెట్టారు.

ఇరవై రెండేళ్ళు వెతికినదాన్ని సగం విని వదిలేసి వచ్చాను. అది మొదటి అచ్చో కాదో తేలలేదు, ఇక తేలదు కూడా. బీరువాలో ఖాళీ అయిన అర చూస్తే ఒకరోజు ఉక్రోషంగా ఉంటుంది, ఒకరోజు ఆ గిటారు వినిపిస్తుంది. మీరూ ఇలాంటి వేటకి వెళ్తుంటే ఒక్క సలహా. మనిషి ఏ ఊళ్ళో ఉన్నాడో ముందే కనుక్కోండి, ఇస్తానన్న ప్లేటును మాత్రం ఇల్లు చేరేదాకా వేసి చూడకండి. నేనైతే మళ్ళీ వెళ్ళినా ముల్లు తియ్యనివ్వకుండా ఆయన చెయ్యి పట్టుకుని ఆపుతానేమో, అదే నాకు అర్థం కావడం లేదు.