ఎడమకాలి అరంగుళం

నా చిన్నప్పుడు చేసిన తెలివితక్కువ పనుల్లో చాలావాటిని వయసు మీదికి నెట్టేసి చేతులు దులుపుకున్నాను. ఒక్కటి మాత్రం ఎంత నెట్టినా కదలదు. అది నా ఎడమకాలిలో ఉంది, సరిగ్గా అరంగుళం. తొమ్మిదేళ్ళకే డాక్టరునీ అమ్మనీ ఒకేసారి మోసం చేయగలిగిన మేధావిని నేను. ఆ మేధస్సులో కొంత తుంటికి పట్టి ఉంటే ఈపాటికి తిన్నగా నడుస్తూ ఉండేవాణ్ణి.

అప్పుడు మేము అమీర్‌పేటలో ఒక మేడ రెండో అంతస్తులో ఉండేవాళ్ళం. సందులో గోడ కనిపించకుండా కంప్యూటరు కోర్సుల బోర్డులు వేలాడేవి. గుంటూరు వైపు నుంచి వచ్చిన మా అమ్మ, కింద రేకుల షెడ్డులో మెస్ నడిపేది. నాన్నకు సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద పని. మా పక్కగదిలో ఆరుగురు హాస్టల్ అన్నలు. అమ్మ వండిన అన్నం తిని, కోర్సులు నేర్చుకుని, ఉద్యోగాల కోసం తిరిగేవారు.

ఆ ఏడు నాకు ఎడమ తుంటి నొప్పి మొదలై, నడకలో కుంటు వచ్చింది. తొడ ఎముకకు పైన బంతిలాంటి తల ఉంటుందనీ, అది గిన్నెలాంటి చోట కూర్చుంటుందనీ, నా బంతి మెత్తబడి గిన్నె దాటిపోతోందనీ డాక్టరు చెప్పి ఆపరేషన్ చేశాడు. ఆరు వారాలు పిండికట్టు. అది తీశాక బ్రేసు. నడుముకో తోలు బెల్టు, రెండు తొడలకూ తోలు పట్టీలు, మోకాళ్ళ మధ్య ఇనుప కడ్డీ. రెండు కాళ్ళూ ఎప్పుడూ దూరంగా ఉండాలి. స్నానానికి తప్ప విప్పకూడదు. కాలం కలిసిరావాలంటే కాళ్ళు కలవకూడదు, అదీ నా జాతకం. బ్రేసు వేసుకున్న గంటలు రోజూ రాయమని డాక్టరు ఒక నోటుపుస్తకం ఇచ్చాడు. అమ్మ చేతులు ఎప్పుడూ పిండిలోనో పులుసులోనో ఉండేవి కాబట్టి రాత నాకు అప్పజెప్పింది.

తోలు తొడల్ని ఒరిసి పుళ్ళు పడేవి. పడుకుంటే పక్కకు తిరగలేను, కూర్చుంటే ముందుకు వంగలేను. బళ్ళో నా పేరు కొట్టేశారు. గుమ్మం దగ్గర నన్ను కూర్చోబెడితే పక్కగది అన్నల్లో ఒకాయన రోజూ, "ఏంరా కంపాసూ, జర ఒక సున్నా గీసి చూపెట్టు!" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. వాళ్ళు వెళ్ళాక ఏడ్చేవాణ్ణి.

ఆ గదిలో క్యారమ్ బోర్డు ఉండేది. అదీ నా పతనం. మధ్యాహ్నం అమ్మ కింద వడ్డనలో మునిగిపోగానే పట్టీలు విప్పేసి, నేలమీద జరుగుతూ ఆ గదిలోకి చేరేవాణ్ణి. డాక్టరు నాలుగు గంటలు సెలవిచ్చాడని చెప్తే వాళ్ళు నమ్మారు. అక్కడ ఆట కంటే పెద్ద చదువే దొరికింది. ఎక్కడా పనిచేయని అన్నలు రెండేళ్ళు పనిచేసినట్టు కాగితాలు తెచ్చుకుని, ఇంటర్వ్యూ కోసం ఒకరికొకరు పాఠం అప్పజెప్పుకునేవారు. "మొత్తం మంచిగనే ఉన్నట్టు చెప్పకురా, డౌటొస్తది. నడుమ ఒకటిరెండు తప్పులు కలుపు," అని ఒకాయన ఇంకొకాయనకు బోధిస్తుంటే నేను స్ట్రైకరు పట్టుకుని శ్రద్ధగా విన్నాను.

నా నోటుపుస్తకం ఆ విద్యకు తొలి ఫలం. రోజూ ఇరవై రెండు గంటలని రాస్తే అనుమానం వస్తుందని ఒకరోజు ఇరవై ఒకటి, జ్వరమొచ్చిన రోజు ఇరవై. మూడు రంగుల పెన్నులు. నమ్మకం కుదరడానికి ఒక పేజీ మీద పసుపు మరక కూడా పెట్టాను. వేసుకోని బ్రేసుకు అంత అనుభవం పుట్టించినవాడు మా సందులోనే లేడు.

రెండు నెలలకు ఎక్స్‌రే తీశారు. బంతి మళ్ళీ పక్కకు జరిగింది. రెండోసారి కోయాలన్నాడు డాక్టరు. నోటుపుస్తకం తిరగేసి, "పిల్లాడు సరిగ్గానే వేసుకున్నాడు, బ్రేసులోనే ఏదో లోపముంది," అని పంజాగుట్టకు పంపాడు. అక్కడ ఒక ఇరుకు సందులో, నా బ్రేసు చేసిన ముసలాయన దుకాణం ఉండేది; ఆయన్ని తాత అనేవాణ్ణి. ఆటోలో అమ్మ ఎక్స్‌రేను మాటిమాటికీ కవరులోంచి తీసి వెలుతురుకు పట్టి చూసింది.

తాత బ్రేసును ఒళ్ళో పెట్టుకుని పట్టీల లోపలివైపు వేలితో తడిమాడు. రోజంతా ఒంటిని అంటిపెట్టుకున్న తోలు చెమటకు నల్లబడి మనిషి ఆకారానికి వంగుతుందట. నా తోలు పెద్దగా నల్లబడలేదు. కొసలు మాత్రం మాటిమాటికీ లాగి విప్పడంతో సాగిపోయి ఉన్నాయి. ఆయన తలెత్తి నావైపు చూశాడు. నా మూడు పెన్నులూ, పసుపు మరకా ఆ చూపు ముందు నిలవలేదు. తర్వాత అమ్మవైపు చూశాడు. ఆమె ముఖంలో ఏం కనిపించిందో, చాలాసేపు చూశాడు.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు. "బకిల్ లూజైంది. నేను సూసుకోలె."

అమ్మ విరుచుకుపడింది. "ఏంటండీ ఇది? పసిబిడ్డ కాలుతో ఆటలా? మీ ఇంట్లో పిల్లలు లేరా?" అని మొదలుపెట్టి, సందులోవాళ్ళంతా గుమిగూడేదాకా తిట్టింది. ఆ మధ్యలో 'అండీ' కూడా రాలిపోయింది. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. నేను నోరు విప్పలేదు. విప్పడం తెలిసింది పట్టీలే కదా.

చివరికి కొత్త పట్టీ బిగిస్తూ, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు. "తిట్లు నేను తిన్న. బెల్టు నువ్వు కట్టుకో, బిడ్డా."

రెండో ఆపరేషన్ జరిగింది. మళ్ళీ పిండికట్టు, మళ్ళీ బ్రేసు, మళ్ళీ పుళ్ళు. ఈసారి ఒక్క గంట కూడా విప్పలేదు. పక్కగదిలో క్యారమ్ చప్పుడు వినిపిస్తే చెవులు మూసుకున్నాను. అన్నలు ఒక్కొక్కరే ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. బంతి గిన్నెలో నిలిచింది గానీ కాలు అరంగుళం పొట్టిదైంది. పెరిగినా ఆ తేడా పోదన్నారు.

ఏడాది తర్వాత, అడుగుభాగం ఎత్తుగా ఉండే బూటు కోసం ఆ తాత దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. గుమ్మంలోనే అమ్మ, "ఈసారైనా సరిగ్గా చేస్తాడో లేదో," అంది, ఆయనకు వినబడేలాగే. ఆయన చిన్నగా నవ్వి, నా బూటు పట్టీకి రంధ్రాలు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ నవ్వును నేను భరించలేకపోయాను.

"అమ్మా, బకిల్ వదులవలేదు. నేనే రోజూ విప్పాను. పుస్తకమంతా దొంగరాతలే."

"గా ముచ్చట ఇప్పుడెందుకు బిడ్డా!" అని తాత కంగారుపడ్డాడు.

అమ్మ నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. ఆయనవైపు తిరిగి, "అన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నారండీ?" అంది.

"గా దినం మీకు ఎవరో ఒకరి మీద కోపం కావాలెనమ్మా. గది పిల్లగాని మీదికి పోతే మీరిద్దరు సుత ఆగమయ్యేటోళ్ళు," అన్నాడాయన.

అమ్మ కళ్ళొత్తుకుని ఆయనకు చేతులు జోడించింది. ఆ పెద్దమనిషికి ఎటు చూడాలో తెలియలేదు. ఏడాదిపాటు తన మంచితనంతో నన్ను నలిపేసిన మనిషి మీద నేను తీర్చుకోగలిగిన కక్ష అంతే. ఆయన దాచిన నా అబద్ధాన్ని ఆయన ఎదుటే బద్దలుకొట్టాను. ఆయన చెయ్యి తడబడి పట్టీ మీద రంధ్రం వంకరగా పడింది. "అరె, ఇంకో పట్టీ కోస్త," అన్నాడు. వద్దన్నాను. ఆ బూటు మరుసటి ఏడుకే చిన్నదైపోయింది. పట్టీ మాత్రం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఆయన చేతిపనిని పాడుచేసిన ఘనత నాకొక్కడికే దక్కిందని, అప్పుడప్పుడూ తీసి చూసుకుంటాను.