‘చూద్దాంలే’కు ఇంగ్లీషు

దర్శిలో ఓపెన్ స్కూలు క్లాసులు ఆదివారాలు జరిగేవి. నలభై ఒకటో ఏట పదో తరగతి పరీక్షకు కట్టి, వెనక బెంచీలో బెరుగ్గా కూర్చునేదాన్ని. ఒకరోజు ఇంగ్లీషు మాస్టారు బోర్డు మీద ‘పుట్ ఆఫ్’ అని రాసి, అర్థం చెప్పమన్నారు.

“లైటు ఆర్పెయ్యడమండీ,” అన్నాను.

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

“మన దగ్గర అలా కూడా వాడతారమ్మా. కానీ పరీక్షలో అడిగేది వాయిదా వెయ్యడం. పుట్ అంటే పెట్టడం. పక్కన ఆఫ్ చేరిందో, ఇప్పటి పని రేపటికి పోతుంది. అదే మధ్యలో మనిషిని పెట్టి ‘పుట్ మీ ఆఫ్’ అంటే, ఏదో ఒకటి చెప్పి నన్ను దాటేశారని. చదువు మీద మనసు విరిచేసినా ఆ మాటే వాడొచ్చు.”

చిన్న ముక్క చేరితే అర్థం అంత మారిపోతుందా అని పక్కనున్నవాళ్ళు తలలు గోక్కున్నారు. నాకు మాత్రం చప్పున ఎక్కింది. మా ఇంట్లో ఆ ముక్క పేరు ‘లే’. చూద్దాం అంటే, చూస్తారేమోనని కాస్త ఆశ ఉంటుంది. చూద్దాంలే అన్నారంటే ఇక చూడరు.

పెళ్ళైన కొత్తలో, ఆగిపోయిన పదో తరగతి పూర్తి చేస్తానంటే మా ఆయన అన్న మాట అదే. పత్తి తీతలయ్యాక చూద్దాంలే అన్నారు. పత్తి అయ్యేసరికి మిరప పండేది. మిరప కోతలయ్యాక చూద్దాంలే అనేవారు. ఆయన ఒక్కసారి కూడా వద్దనలేదు. అదే నాకు ఒళ్ళు మండేది. వద్దంటే పోట్లాడేదాన్ని. చూద్దాంలేతో ఎవరైనా ఎలా పోట్లాడతారు?

చివరికి ఆయన్ని అడగడం మానేసి, నా అంతట నేనే ఫీజు కట్టాను. తీరా చూస్తే ఇంగ్లీషు పరీక్ష సరిగ్గా కోతల్లోనే పడింది. ముందురోజు పొద్దున కల్లంలో ఇద్దరం కాయలు ఆరబోస్తున్నాం.

“రేపు ముప్పై మంది కూలీలొస్తన్నారే. నువ్వు లేకపోతే ఎట్టా? పరీక్షలు మళ్ళీ పెడతారంటగా. అప్పుడు చూద్దాంలే,” అన్నారు.

“ఇరవై మూడేళ్ళ నించీ చూస్తానే ఉన్నారుగా, ఇంకేం చూస్తారండీ? కూలీల్ని మీరు చూసుకోండి. లేదంటే రేపు కోత ఆపండి.”

“పండిన కాయ ఆగుద్దా?”

“మరి నేనెందుకాగాలి?”

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిరప ఘాటుకని ఆయన అనుకుంటే అనుకోనీ, నాకు మాత్రం అది కోపమే. ఆయన కాయల కింద పరిచిన పట్టా అంచు సర్దుతూ ఉండిపోయారు.

మర్నాడు అన్నం వండి, కూర సంగతి ఆయన్నే చూసుకోమని చెప్పి బస్సెక్కాను. పరీక్ష జరిగే బడి గేటు దగ్గర, మా అమ్మాయి వయసున్న మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది.

“అమ్మా, పిల్లల్ని దింపడానికి వచ్చినవాళ్ళు బయటే ఉండాలండీ.”

హాల్ టికెట్ తీసి, ఫొటో మీద వేలు పెట్టి చూపించాను.

“పిల్లలెవరూ లేరమ్మా. పరీక్ష రాసేది నేనే. చెయ్యి తియ్యి.”