కాక జేబులోని ఫ్యూజు

మా కాక పోయాడు. మే నెల మిట్టమధ్యాహ్నం, చంద్రపూర్‌లో మా దుకాణం వెనక పెరట్లో నిలబెట్టి ఉన్న తన ఇల్లుబండిలో, నేల మీద కూర్చుని, మంచానికి వీపు ఆనించి పోయాడు. ఆ వార్త నాకు చెప్పింది కూలర్ కొనడానికి వచ్చిన గిరాకీ. ఒంటికని వెనక్కి వెళ్లి, వెళ్లినంత వేగంగా తిరిగొచ్చి, "వెనక బండిలో ఎవరో ముసలామె ఏడుస్తోంది, చూడండి" అని మరాఠీలో అన్నాడు. నా చేతిలో ఉన్న కూలర్ మోటారు నా కాలి మీదే పడింది. ఆ దెబ్బ నాకు సాయంత్రం దాకా తెలియలేదు.

కాక నాకు రక్తసంబంధం కాదు. మంచిర్యాల వైపు నుంచి వచ్చి, ఘుగ్గుస్ బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. మాది ఎలక్ట్రిక్ సామాన్ల దుకాణం. మా ఆయన హఠాత్తుగా పోయి దుకాణం నా నెత్తిన పడ్డప్పుడు నాకు హోల్డరుకూ ప్లగ్గుకూ తేడా తెలుసు, అంతే. ఆ రోజుల్లో ఓసారి కాక వచ్చి వైరు అడిగాడు. తీసి కొలవబోయాను.

"దేనికని అడగవా?" అన్నాడు.

"మీకు తెలుసు కదా దేనికో" అన్నాను. నాకు మొదట్నుంచీ నోటి దురుసు.

"నాకు ఎరికనే. నీకు ఎరిక ఉండాలె. వైరు అడిగినోన్ని దేనికని అడగాలె బిడ్డా. అడగకుంట ఇచ్చుడంటే అగ్గిపెట్టె ఇచ్చుడే."

నాకు ఒళ్లు మండింది. కానీ మర్నాడు వచ్చిన మొదటి గిరాకీని దేనికని అడిగాను. అతను గీజరుకని చెప్పి బల్బుకు సరిపోయే వైరు అడుగుతున్నాడని తేలింది. ఆ సాయంత్రమే కాకను పిలిచి చాయ్ పోశాను. అప్పట్నుంచి ఆయన నాకు కాక, ఆయన భార్య చిన్నమ్మ.

ఇల్లుబండి గురించి చెప్పాలి, లేకపోతే ఆయన గురించి చెప్పినట్టు కాదు. అడవిలో బొగ్గు కోసం బోర్లు వేసే క్యాంపులో ఆఫీసర్లు ఉండడానికి చేయించిన, జీపు వెనక తగిలించి లాగే పాత బండి అది. నాకంటే పెద్దది వయసులో. గుండ్రటి ముక్కు, లోపల చెక్క పలకల తొడుగు, అటూ ఇటూ రెండు మంచాలు, మడిచే బల్ల, మూల గ్యాస్ పొయ్యి. కొత్తగా పనిలో చేరినప్పుడు దానికి వైరింగ్ చేసిన వాళ్లలో కాక ఒకడు. అన్నేళ్ల తర్వాత తుక్కు కింద వేలం వేస్తుంటే వెళ్లి కొని, తెచ్చి మా పెరట్లో పెట్టుకున్నాడు. పిల్లల్లేరు. గని క్వార్టరు ఖాళీ చేయాలి. చిన్నమ్మ ఏనాడూ సముద్రం చూడలేదు. బండిలోనే ఇల్లు, ఆ ఇంట్లోనే సముద్రం దాకా ప్రయాణం అని లెక్క వేసుకున్నాడు.

సముద్రం దాకా కాదు, వర్ధా నది దాకా వెళ్లారు. ఘుగ్గుస్ దాటి ఏటి ఒడ్డున రెండు రోజులు ఉండి వచ్చారు. ఆ రెండు రోజుల గురించి చిన్నమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! కిటికీలోంచి నీళ్లు చూస్తూ రొట్టె కాల్చిందట. తిరిగొచ్చిన కొన్నాళ్లకే ఆమెకు పక్షవాతం వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. ఆ తర్వాత బండి మా పెరట్లోంచి కదల్లేదు. టైర్లలో గాలి పోయి, రిమ్ములు నేలకు ఆనాయి.

బండిలో తలుపు పక్కనే ఫ్యూజుల పలక. గనిలో వాడే తెల్ల పింగాణి ఫ్యూజులు, వరసగా. ఏది దేనిదో వాటి కింద పెయింటుతో రాసి ఉండేది. చిన్నమ్మ ఇంకా నడుస్తున్న రోజుల్లోనే ఆ రాతలు చెరిగిపోతే నన్ను రాయమన్నాడు కాక. నేను చదివింది మరాఠీ మీడియం. ఇంట్లో తెలుగు మాట్లాడడమే గాని ఒక్క అక్షరం రాదు. మరాఠీలో రాస్తానన్నాను.

"చిన్నమ్మకు మరాఠీ చదవరాదు. నేను లేనప్పుడు ఏది పీకాల్నో ఆమెకు తెల్వాలె" అన్నాడు.

అలా నా అక్షరాభ్యాసం ఫ్యూజుల పలక మీద జరిగింది. పంకా, బల్బు, మోటరు. 'మో' నాకు సరిగ్గా రావడానికి ఒక ఆదివారం పట్టింది. ఆ తర్వాత పాత పేపర్లు ముందేసుకుని చదివించాడు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు మీకోసం రాస్తున్నానంటే ఆయన చలవే. తప్పులుంటే అవి మాత్రం నావి.

ఆయనకు రెండు అలవాట్లుండేవి. అవి మీకు తెలియాలి.

మొదటిది, మరమ్మతు కోసం ఏ ఫ్యూజు పీకినా దాన్ని బల్ల మీద పెట్టేవాడు కాదు, చొక్కా జేబులో వేసుకునేవాడు. గనిలో ఆయన జోడీ ఒకాయన కేబుల్ బాగుచేస్తుంటే, పైన ఎవరో ఫ్యూజు పక్కన పడి ఉందని చూసి, మంచిపని చేస్తున్నాననుకుని పెట్టేశాడట. జోడీని బయటికి మోసుకొచ్చింది కాకే. ఈ సంగతి ఒక్కసారే చెప్పాడు, చాయ్ సాసర్లో పోసుకుంటూ. ఆ చాయ్ తాగలేదు.

"పీకినోని జేబులనే ఉండాలె. మల్ల పెట్టేముంగట పిలవాలె, పెట్టాల్నా అని. అవుతలి మనిషి పెట్టు అంటెనే పెట్టాలె. జవాబు రాకపోతే చెయ్యి ఎనక్కి తీస్కోవాలె."

ఇరుగ్గా ఉన్న ఆ బండిలో, ఒకరి మోకాలికి ఒకరి మోకాలు తగులుతున్నా సరే, నేను "పెట్టాల్నా?" అని అరవాల్సిందే, ఆయన "పెట్టు!" అని అరవాల్సిందే. చిన్నమ్మ పకపకా నవ్వేది.

రెండోది, కొత్త జాయింటు వేశాక పది నిమిషాలు నడిపించి, చెయ్యి తిప్పి వెనకవైపుతో ముట్టి చూసేవాడు. అరచేత్తో ముడితే కరెంటు పట్టేసుకుంటుందట, పైగా వేడి వెనకచేతికే బాగా తెలుస్తుందట. ఆ పది నిమిషాలూ కదిలేవాడు కాదు. నేనేమో పది నిమిషాలు ఒక్కచోట కూర్చునే రకం కాదు.

"పది నిమిషాలల్ల నేను పప్పు ఉడికిచ్చి పోపు పెడత కాకా!"

"పెట్టు. ఆ పప్పు తినేతందుకు ఇల్లు ఉండాలె గద."

నిరుడు ఆయనకు ఊపిరి ఆడడం తగ్గిపోయింది. ఎన్నేళ్ల బొగ్గుదుమ్మో లోపల పేరుకుపోయింది. డాక్టరు గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను పెట్టుకోమన్నాడు. కరెంటు ఉన్నప్పుడు మా దుకాణం లైను మీద నడుస్తుంది. ఎండాకాలంలో ఇక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అందుకని బండి బ్యాటరీకి ఇన్వర్టరు తగిలించి మిషను నడిపించాలి. ఆ వైరింగ్ నాతో చేయించాడు. ఇంట్లో ఈ మిషనుకు సన్న తీగ చాలు కదా అని సన్నదే తెచ్చాను. ఆయన దగ్గుతూ నవ్వాడు.

"ఇంట్ల కరెంటు వేరు, బ్యాటరీ వేరు. పన్నెండు వోల్టులల్ల అదే పని చెయ్యాలంటే ఇరవై రెట్లు పారాలె. లావు తీగ తే. జాయింటు గట్టిగుండాలె. సడలిందో, కొలిమే."

బ్యాటరీ పెట్టె చిన్నమ్మ మంచం కింద ఉంది. వేరే చోటు లేదు ఆ బండిలో. లావు తీగ అక్కణ్నుంచి తెచ్చి, పలక మీద కొత్త ఫ్యూజు పెట్టి, కింద ఏం రాయాలి అని అడిగాను. "గాలి" అని రాయమన్నాడు. రాశాను. చిన్నమ్మ టేబుల్ ఫ్యానూ అదే లైను మీద ఉండేది.

ఇక ఆ రోజు.

పొద్దున బ్యాటరీ మీద జాయింటు తెల్లగా ఉప్పు పట్టి ఉందని పిలిచాడు. తన చేతులు వణుకుతున్నాయి, పని నాదే. ఆయన ఫ్యూజు పీకి, పనిచేసేది నేనే కాబట్టి నా చేతికిచ్చాడు. నేను జేబు లేని దాన్ని, పర్సులో వేసుకున్నాను. తీగ చివర బోల్టుకు తగిలించే రాగి రింగును లగ్గు అంటాం; పాత లగ్గు కోసి, కొత్తది నొక్కి, బోల్టు బిగించాను. "పెట్టాల్నా?" "పెట్టు." ఆ కేక కూడా సగం దగ్గే. మిషను బ్యాటరీ మీద నడిచింది. దుకాణం ముందు గిరాకీలు అరుస్తున్నారు. మే నెల, కూలర్ల సీజను. కాక వేళ్లన్నీ చాపి రెండు చేతులూ చూపించాడు. పది నిమిషాలని.

"మల్లొస్త కాకా, ముట్టి చూస్త" అన్నాను. ప్లగ్గు దుకాణం లైనుకు మార్చేసి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. బజారంతా జనరేటర్లు మొదలయ్యాయి. కాసేపటికి నా ఫోను మోగింది, కాక. ఆయన ఒక్కసారే చేస్తాడు, ఎత్తకపోతే పనిలో ఉందనుకుంటాడు. నేను చూశాను. ఈ గిరాకీని పంపించి వెళ్దామనుకున్నాను. నేను చూడలేదని అబద్ధం రాయొచ్చు. చూశాను.

తర్వాత జరిగింది చిన్నమ్మ చెప్పింది.

"మిషను మంచిగనే నడుస్తుండె. రబ్బరు కాలిన వాసనొచ్చింది. వంగి, చెయ్యి తిప్పి ముట్టిండు. దిగ్గున లేచిండు. గాలి ఫ్యూజు పీకి జేబుల ఏసుకున్నడు. నడవనియ్యి, ఏం కాదు అన్న. నీ మంచం కిందనే ఉన్నది, చెక్కలు అంటుకుంటే నిన్నెట్ల ఎత్తాలె నేను అన్నడు. నీకు ఫోన్ చేసిండు. వస్తది పిల్ల, అన్నడు. నా చెయ్యి పట్టుకొని కింద కూసున్నడు. నేను అరిచిన బిడ్డా. ఆ జనరేటర్ల సప్పుడుల ఎవలింటరు?"

చిన్న ఆక్సిజన్ సిలిండరు ఒకటి ఉండేది, నింపించడానికి పంపాం. అదీ ఆ రోజే.

నేను వెళ్లేసరికి చిన్నమ్మ చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. స్నానం చేయించేటప్పుడు ఎవరో చొక్కా విప్పి, జేబులోంచి ఆ పింగాణి ఫ్యూజు తీసి, ఇదేందని అటూ ఇటూ చూశారు. పాడె మీద పెట్టాలా, పారెయ్యాలా అని అడిగారు. నేను లాక్కున్నాను. బహుశా దురుసుగానే లాక్కున్నాను.

మర్నాడు మంచం కింద చూశాను. తీగ తొడుగు గోధుమరంగుకు మాడి, చెక్క మీద అరచెయ్యంత నల్లటి మచ్చ. లగ్గును వేలితో తిప్పితే తిరిగింది. నేను బిగించిన బోల్టు కింద, నేను నొక్కిన లగ్గు. పది నిమిషాలు కూర్చుని ఉంటే పొద్దున్నే నా చేతికి తెలిసేది.

అందరూ ఓదార్చారు. పెద్దమనిషి, ఊపిరితిత్తులు ఎప్పుడో పోయాయి, ఈ ఎండలకు ఎలాగూ దాటేవాడు కాదు అన్నారు. డాక్టరూ అలాంటిదే ఏదో అన్నాడు. కావచ్చు. కానీ ఆయన ఆ రోజు పోవాల్సిన పని లేదు. ఈ మాట ఎక్కడో ఒకచోట తెలుగులో రాయాలనిపించింది, ఆయన నేర్పిన అక్షరాల్లో.

పదకొండో రోజు అయ్యాక చుట్టాలు చిన్నమ్మను తమతో రమ్మన్నారు. రానంది. మా ఇంట్లోకి రమ్మన్నాను, దానికీ రానంది. బండిలోనే ఉంటానంది. నిన్న మధ్యాహ్నం మళ్లీ కరెంటు పోయింది. నేను దుకాణం షట్టరు సగం దించి వెనక్కి వెళ్లాను. ఆమె చీర కొంగుతో విసురుకుంటోంది.

"ఉడ్కపోస్తుంది బిడ్డా. ఆ గాలి పెట్టు."

పొద్దున్నే కొత్త తీగ వేసి, కొత్త లగ్గు నొక్కి, నా బరువంతా వేసి బిగించి ఉంచాను. పెట్టాల్సింది ఫ్యూజొక్కటే. అది అన్ని రోజులూ నా పర్సులోనే ఉంది. తీసి పలక దగ్గర నిలబడ్డాను. గాలి అని వంకరటింకరగా నా రాత. చెయ్యి ముందుకు పోలేదు. పీకింది నేను కాదు కదా. పీకినాయన్ని పిలవాలి, ఆయన పెట్టు అనాలి.

పిలిచాను. "కాకా! పెట్టాల్నా?"

ఇరుకు బండిలో నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. జవాబు రాకపోతే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటున్నాను.

"పెట్టు" అంది చిన్నమ్మ, మంచం మీంచి.

పెట్టాను. ఫ్యాను తిరిగింది. ఆమె నెరిసిన వెంట్రుకలు నుదుటి మీంచి లేచాయి. కళ్లు మూసుకుంది. నేను చెమట తుడుచుకుని, దుకాణంలో ఎవరో పిలుస్తుంటే అలవాటుగా తలుపు వైపు తిరిగాను.

"ఈసారి పది నిమిషాలు కూసో బిడ్డా" అంది, కళ్లు తెరవకుండానే.

ఆయన కూర్చున్న చోటే కూర్చున్నాను. చెయ్యి తిప్పి, మంచం కింద జాయింటు మీద ఆనించాను.