కాగితం వెనక నంబరు

ఇది అప్పుడే రాయవలసిన సంగతి. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. నలభై దాటాక రాత్రి బడిలో పలక పట్టాను. అందుకే పంతొమ్మిది వందల ఎనభై ఆరులో జరిగింది ఇప్పుడు రాస్తున్నాను.

రాయదుర్గంలో బస్టాండు వెనక తలుపులు చేసే షెడ్డు ఉండేది. ఉప్పుకాగితంతో చెక్క రుద్ది పాలిష్‌కు సిద్ధం చేయడం నా పని. ఆ ఏడు మేస్త్రీ బెంగళూరు నుంచి శాండర్ అనే చెక్క రుద్దే మెషీను తెచ్చాడు. దాని గుండ్రటి ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. అందువల్ల చెక్క మీద గీత పడదు. ప్యాడ్‌కు అంటించే గుండ్రటి ఉప్పుకాగితాన్ని డిస్క్ అంటారు. దాని వెనక జిగురు ఉంటుంది. కాగితం రంధ్రాలు ప్యాడ్ రంధ్రాలతో కలవాలి. చెక్కపొడి వాటిలోంచే సంచిలోకి పోతుంది. వెనక వేసిన నంబరు గ్రిట్, అంటే గరుకు. ఎనభై ముతక, పాలిష్‌కు ముందు వాడే నూట ఇరవై సన్నం. నంబరు చదవలేను గనుక బొటనవేలితో తడిమి ఎంచుకునేదాన్ని.

ఒకరి గృహప్రవేశానికి చేస్తున్న టేకు తలుపులకు పాలిష్ పూయగానే జిలేబీ చుట్టల్లాంటి సన్న గీతలు తేలాయి.

"ఏమ్మే అంజినమ్మా, మెషీను వచ్చిందని కడుపుమంటా? కావాలనే గీకుతాండావా?" అన్నాడు మేస్త్రీ.

"నా కూడు నేనే చెడగొట్టుకుంటానా అన్నా?"

"ఏమో, ఎవరికి తెల్సు? ఇంగొక్క తలుపు చెడితే నీకు ఈడ పని లేదు."

ఆ ఏడూ వాన లేదు. చేను బీడుగా ఉంది. ఆ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

గమనిస్తే, పొద్దున రుద్దిన చోట బాగానే ఉంది. అన్నం తిని వచ్చాక రుద్దిన చోటే గీతలు. నేను లేనప్పుడు షెడ్డులో ఉండేది వడ్రంగి ఖాదర్. తన మరదలికి పని వెతుకుతున్నాడని విన్నాను. మరుసటి రోజు అన్నానికి పోయే ముందు, పాలిష్‌లో కలిపే ఎర్రరంగుతో ప్యాడ్ అంచున ఒక చుక్క, దానికి ఎదురుగా కాగితం మీద ఒక చుక్క పెట్టాను. తిరిగి వచ్చేసరికి చుక్కలు ఎడంగా ఉన్నాయి.

"ఎవరు ముట్టినారు ఖాదరూ?"

"నన్నట్ల గుడ్లురిమి చూడొద్దక్కా! నువ్వు పోతూనే మేస్త్రీ అన్న పీకి చూసి మళ్లా అంటిస్తాండాడు. దినామూ ఇదే కత. నీకు తెల్సుననుకుంటి."

పోయి అడిగితే మేస్త్రీ తడబడలేదు. "నంబరు అంటించిన పక్క ఉండాది. పీకకుంటే ఎట్ల కనపడుతుంది? నీకు చదువు రాదు. ఎనభై వేసి రుద్దుతాండావేమోనని చూస్తి."

"నంబరు సరిగ్గానే ఉండాదా?"

"ఉండాది. ఐతే గీతలెందుకు పడతాండాయి?"

నేను డిస్క్ పీకి వెనక్కి తిప్పాను. జిగురు నిండా, పీకినప్పుడు గాలికి ఎగిరొచ్చి అంటుకున్న ఇసుక. ఆ రేణువులున్న చోట కాగితం ఉబ్బి చెక్కను గీరుతోంది. రంధ్రాలు తప్పడంతో పొడి కూడా కిందే ఉండిపోతోంది. మేస్త్రీ వేలితో ఇసుక రాల్చి చూసి, "ఈ పాడు గాలి," అన్నాడు. "రేపు తలుపు చూసినాక మాట్లాడదాం."

అతని అనుమానం తప్పని నేననను. చదువు రాని మనిషిని ఎవరైనా అనుమానిస్తారు. కానీ చూడవలసింది అంటించకముందు. అంటించాక నమ్మి వదిలేయాలి.

మర్నాడు పొద్దున కొత్త డిస్క్‌ను వేలితో తడిమి, అంటించకుండా మేస్త్రీ ముందు పెట్టాను. "ఇప్పుడే చదువన్నా. మళ్లా ముట్టొద్దు."

"నూటిరవై," అన్నాడు.

"ఒకటి యాది? రెండు యాది?"

చూపించాడు. బల్ల మీది చెక్కపొడిలో వేలితో ఆ మూడు అంకెలూ దిద్దాను. తర్వాత రంధ్రాలు కలిపి అంటించి, తలుపు మొత్తం రుద్దేదాకా మెషీను దగ్గర నుంచి కదల్లేదు. పాలిష్ పూశాక మేస్త్రీ తలుపును ఎండకు వాల్చి, ఒక కన్ను మూసి, చాలాసేపు గీత కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. రెండో తలుపు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.